హద్దెరిగిన యంత్రం - ఫెర్డినాండ్ పోర్షే జీవితం

ఉర్దూ, తెలుగు భాషలు రెండూ పంచుకొన్న మాటలలో హద్దు ఒకటి. అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన దస్తావేజులలోనికి, పొలం గట్ల మీదికి, ఇంటి పెద్దల మందలింపులలోనికి ప్రవేశించి, పరాయి మాట అన్న సంగతినే మరపించిన పదమిది. పొలానికి హద్దు, మాటకు హద్దు, చనువుకు హద్దు అని నిత్యమూ వాడుతూనే ఉంటాము. యంత్రానికి సైతం హద్దు ఉంటుందని, ఆ హద్దును ముందుగా తెలిసి నిర్ణయించడం నిర్మాతకు ముఖ్య ధర్మమని తన పని ద్వారా చూపిన ఒక యంత్రశిల్పి జీవితాన్ని ఈ వ్యాసంలో మా విద్యార్థుల ముందు ఉంచదలచినాము. ఆయనే ఫెర్డినాండ్ పోర్షే. వోక్స్‌వాగన్ అనే చిన్న కారును రూపొందించినవాడుగా లోకం ఆయనను ఎరుగును. మేము యంత్రశాస్త్ర పండితులము కాము. అయినను ఈ జీవితంలో యంత్రశాస్త్ర విద్యార్థికీ, సాహిత్య విద్యార్థికీ సమానంగా పనికివచ్చే పాఠమొకటి ఉన్నదని మా నమ్మకం.

పోర్షే 1875 సెప్టెంబరు 3వ తేదీన బొహీమియాలోని మఫర్స్‌డార్ఫ్ అనే గ్రామంలో జన్మించాడు. అది అప్పుడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోనిది. నేడు చెక్ దేశంలో ఉన్నది. తండ్రి ఆంటన్ రేకుపని చేసే వృత్తికారుడు. కుమారుడు కూడా అదే వృత్తిని చేపట్టాలని ఆయన కోరిక. కాని బాలునికి విద్యుత్తు మీద మనసు పోయినది. పగలు తండ్రి వద్ద పని, రాత్రి సాంకేతిక పాఠశాలలో చదువు - ఇలా కొంతకాలం గడిపి, పదునెనిమిదవ ఏట వియన్నా నగరం చేరి ఒక విద్యుత్ పరికరాల కర్మాగారంలో ఉద్యోగంలో ప్రవేశించాడు. విశ్వవిద్యాలయంలో క్రమబద్ధంగా చదివి పట్టా పుచ్చుకొనే అవకాశం ఆయనకు లేకపోయినది. తీరిక దొరికినప్పుడల్లా వియన్నా సాంకేతిక విద్యాలయానికి పోయి ఉపన్యాసాలు వినేవాడు. అదే విద్యాలయం 1917లో ఆయనకు గౌరవ డాక్టరేటు నిచ్చి సత్కరించినది.

ఆయన కీర్తికి పునాది వేసినది పెట్రోలు కారు కాదు, విద్యుత్ కారు. లోనర్ అనే బండ్ల నిర్మాణ సంస్థ కోసం చక్రాల లోపలనే విద్యుత్ మోటార్లను అమర్చిన వాహనాన్ని తయారు చేయగా, దానిని 1900 సంవత్సరపు పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఉంచారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై నాలుగేండ్లు. 1906లో ఆస్ట్రో-డైమ్లర్ సంస్థలో చేరిన పిదప ఆయన దృష్టి పెట్రోలు ఇంజను మీద నిలిచినది. 1910లో ప్రిన్స్ హెన్రీ పేరిట జరిగిన సుదీర్ఘ మోటారు పోటీలో ఆయన రూపొందించిన కారు గెలిచినది. దానిని నడిపినవాడు కూడా ఆయనే. 1922లో సిసిలీ ద్వీపపు కొండదారులలో జరిగే టార్గా ఫ్లోరియో పందెంలో ఆయన చిన్న కారు సాషా తన తరగతిలో విజయం సాధించినది.

ఇక్కడ కొంచెం ఆగి, ఇంజనుకూ గాలికీ గల సంబంధాన్ని చెప్పవలసి ఉన్నది. ఇది తెలియనిదే పోర్షే ప్రతిభ బోధపడదు. పెట్రోలు ఇంజను పెట్రోలుతో నడుస్తుందని మనం అనుకొంటాము. నిజానికి అది తీసుకొనే ఆహారంలో అత్యధిక భాగం గాలి. ఒక గ్రాము పెట్రోలు చక్కగా దగ్ధం కావడానికి దాదాపు పదిహేను గ్రాముల గాలి కావాలి. పెట్రోలును ఎంత కావలిస్తే అంత పోయడం సులభం. గాలిని లోపలికి చేర్చడమే కష్టం. కనుక ఇంజను శక్తిని పెంచదలచిన వారందరూ చివరకు గాలి దారి వద్దనే పోరాడవలసి వస్తుంది.

పోర్షే ఆ పోరాటంలో ఆరితేరినవాడు. 1923లో స్టుట్‌గార్ట్‌లోని డైమ్లర్ సంస్థకు ప్రధాన రూపశిల్పిగా వెళ్ళిన తరువాత, గాలిని బలవంతంగా లోపలికి నెట్టే సూపర్‌చార్జరు గల ఇంజన్లను ఆయన తీర్చిదిద్దాడు. అటువంటి కారు 1924లో టార్గా ఫ్లోరియో గెలిచినది. 1927లో వెలువడిన మెర్సిడెస్ ఎస్ కారు మామూలుగా 120 అశ్వశక్తి నిచ్చేది. కాలి కింది పెడలును చివరంటా నొక్కినప్పుడు సూపర్‌చార్జరు పనిచేయనారంభించి శక్తి 180కి పెరిగేది. అయితే ఆ అదనపు శక్తిని కొద్ది సేపే వాడుకోవాలి. ఎక్కువసేపు నొక్కి ఉంచితే ఇంజను ఓర్వలేదు. గాలిని అధికంగా ఇస్తే వేడిని కూడా అధికంగా కొనితెచ్చుకొన్నట్లే అన్న విషయం పోర్షేకు పుస్తకాల వల్ల గాక అనుభవం వల్ల తెలిసినది.

ఆ సంవత్సరమే జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ పందెపు బాట ప్రారంభోత్సవం జరిగినప్పుడు ఈ కార్లే మొదటి రెండు స్థానాలను గెలుచుకొన్నవి. రెండవ స్థానంలో వచ్చిన చోదకుని పేరు అడాల్ఫ్ రోజెన్‌బర్గర్. యూదు కుటుంబంలో పుట్టిన వ్యాపారి, సాహసి. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలని మా మనవి.

డైమ్లర్ సంస్థతో అభిప్రాయభేదాలు కలిగి పోర్షే 1928లో బయటికి వచ్చాడు. ఆస్ట్రియాలోని స్టైర్ సంస్థలో చేరినా అది ఎక్కువ కాలం సాగలేదు. ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం అలముకొన్న 1931వ సంవత్సరంలో స్టుట్‌గార్ట్ నగరంలో స్వంతంగా ఒక రూపకల్పన కార్యాలయాన్ని నెలకొల్పాడు. అందులో పోర్షేది ఎనభై వంతులు, అల్లుడు ఆంటన్ పియెష్‌ది పది వంతులు, రోజెన్‌బర్గర్‌ది పది వంతులు. ఆ కష్టకాలంలో డబ్బు సమకూర్చి కార్యాలయాన్ని నిలబెట్టిన వారిలో రోజెన్‌బర్గర్ ముఖ్యుడు.

సామాన్యుడు కొనగల చిన్న కారు అన్నది పోర్షే చిరకాల స్వప్నం. సుండాప్, ఎన్.ఎస్.యు. అనే మోటారు సైకిళ్ళ సంస్థల కోసం అటువంటి నమూనాలు చేసి చూచాడు. అవి ఉత్పత్తి దాకా రాలేదు. 1934 జూన్‌లో, జర్మనీ నాజీల పాలనలో ఉండగా, మోటారు పరిశ్రమల సంఘం ద్వారా ప్రజల కారును రూపొందించే ఒప్పందం ఆయనకు లభించినది. వెయ్యి మార్కుల లోపు ధర, నలుగురైదుగురు కూర్చొనే వీలు, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎంతసేపైనా పరుగెత్తగల శక్తి - ఇవి అప్పటి నియమాలు. ఆ రోజులలో చాలామందికి కారును నిలుపుకొనే గదులు లేవు. చలికాలంలో ఆరుబయట నిలిపితే రేడియేటరులోని నీరు గడ్డకట్టిపోతుంది. అందువల్ల నీరు లేని, గాలితో చల్లబడే ఇంజను అవసరమైనది. కార్యాలయంలోని ఇంజనీరు ఫ్రాంజ్ రైమ్‌ష్పీస్ గీసిన నాలుగు సిలిండర్ల నమూనాను పోర్షే ఎన్నుకొన్నాడు. సిలిండర్లు అటు రెండు, ఇటు రెండు పడుకొని ఉంటాయి. వెనుక ఒక ఫ్యాను తిరుగుతూ వాటి మీదికి గాలి వీస్తుంది.

పందెపు కార్లకు గాలిని బలవంతంగా తాగించిన ఆ చేయి, ఈ చిన్న ఇంజనుకు మాత్రం గాలిని తూచి ఇచ్చినది. ఒకే ఒక చిన్న కార్బురేటరు మధ్యలో ఉంటుంది. దాని నుండి సన్నని పొడవాటి గొట్టం ఇరుప్రక్కలకు పోతుంది. ప్రతి ప్రక్కనా రెండు సిలిండర్లకు కలిపి హెడ్డులో ఒకటే గాలిదారి. 1,131 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజను నిమిషానికి 3,300 చుట్లు తిరిగినప్పుడు 25 అశ్వశక్తి నిచ్చేది. రెండు చుట్లకొకసారి సిలిండర్లన్నీ నిండుతాయి గనుక, లెక్క ప్రకారం ఆ వేగంలో నిమిషానికి దాదాపు 1,860 లీటర్ల గాలి లోపలికి పోవాలి. ఇరుకైన దారి వల్ల వాస్తవంగా పోయేది అంతకన్నా తక్కువ. వేగం ఇంకా పెరిగితే గాలి అందక ఇంజను తనంత తానే వెనుకకు తగ్గుతుంది.

చూడబోతే ఇది లోపమనిపిస్తుంది. కాని ఈ ఇరుకులోనే ఆ కారు దీర్ఘాయువు ఇమిడి ఉన్నది. చోదకుడు పెడలును చివరంటా నొక్కి గంటల తరబడి పోయినా ఇంజను తనకు చేటు తెచ్చుకొనేంత మిశ్రమాన్ని లోపలికి తీసుకోలేదు. తీసుకొన్నంత మేరకు పుట్టే వేడిని ఫ్యాను గాలి తీసివేయగలదు. ఆ కారుకు గరిష్ఠ వేగమూ, నిలకడగా పోగల వేగమూ ఒక్కటే కావడానికి కారణమిదే. అనుభవం లేని యజమాని చేతిలో కూడా చెడిపోకుండా, గాలిదారి ఇరుకే కాపలాదారుగా పనిచేసినది.

ఈ ఇంజనును బలపరచాలని పూనుకొనేవారు తరువాతి కాలంలో ప్రపంచమంతటా బయలుదేరారు. పెద్ద కార్బురేటరు బిగిస్తే చాలునని చాలామంది ఊహ. చెరువు ఎంత నిండుగా ఉన్నా పొలానికి పారే నీరు తూము కొలతను బట్టి ఉంటుందని మన రైతు నడిగితే చెప్పును. ఇక్కడ కార్బురేటరు, గొట్టం, హెడ్డులోని దారి, వాల్వు - ఈ నాలుగూ వరుసగా ఉన్న నాలుగు తూములు. వాటిలో ఏది మిక్కిలి ఇరుకో అదే శాసిస్తుంది. ఒక్క కార్బురేటరును పెంచితే మిగిలిన మూడూ అట్లే ఉంటాయి. పైగా నెమ్మదిగా పోయేటప్పుడు పెద్ద ద్వారంలో గాలి వేగం పడిపోయి పెట్రోలు సరిగా తుంపరలు కాక ఇంజను తడబడుతుంది. సరే, హెడ్డులోని దారిని తొలిచి వెడల్పు చేద్దామంటే లోహపు గోడ పలుచనవుతుంది. వాల్వులను పెద్దవి చేస్తే రెండు వాల్వుల పీఠాల నడుమ మిగిలే లోహం సన్నబడి వేడికి పగుళ్ళు వారుతుంది.

ఇవన్నీ దాటినా వేడి అనే చివరి హద్దు మిగిలి ఉంటుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, అందువల్ల ఎక్కువ వేడి. దానిని తీసివేయవలసిన ఫ్యాను మాత్రం పాతదే. ఇంజను చుట్లు పెరిగితే ఫ్యాను చుట్లూ పెరుగుతాయి గాని, ఫ్యానును తిప్పడానికి వ్యయమయ్యే శక్తి అంతకు మించి పెరుగుతుంది. పాత ఇంజన్లలో నూనెను చల్లబరచే పరికరం మూడవ సిలిండరుకు పోయే గాలికి అడ్డంగా ఉండేది. అందువల్ల శక్తి పెరిగినప్పుడు ఆ సిలిండరే ముందుగా బాధపడేది. ఆ పరికరాన్ని ప్రక్కకు జరిపినది 1970 ప్రాంతంలో మాత్రమే. ప్రతి సిలిండరుకూ విడివిడిగా గాలిదారి గల హెడ్డులు కూడా వోక్స్‌వాగన్ కార్లకు వచ్చినది అప్పుడే. అనగా నిర్మాతలే గాలిదారిని వెడల్పు చేసినప్పుడు చల్లదనపు ఏర్పాటును కూడా వెంటనే మార్చారు. ఒకటి విడిచి మరొకటి చేయలేదు.

యంత్రానికి ఇంత నిక్కచ్చిగా హద్దు గీచిన మనిషి, రాజ్యాధికారానికి తాను చేసే సేవకు మాత్రం హద్దు గీయలేదు. ఆయన చరిత్రను వ్రాసే వారెవరూ దీనిని దాటవేయరాదని మా అభిప్రాయం. 1935లో రోజెన్‌బర్గర్ తన పది వంతుల వాటాను నామమాత్రపు ధరకు వదలుకోవలసి వచ్చినది. ఆ సెప్టెంబరులోనే అతనిని నాజీలు బంధించి నిర్బంధ శిబిరానికి పంపారు. కొద్ది వారాల తరువాత విడుదలై, దేశం విడిచి, చివరకు అమెరికాలో వేరొక పేరుతో జీవించి 1967లో మరణించాడు. పోర్షే 1937లో నాజీ పార్టీలో చేరాడు. 1938 మే 26వ తేదీన ఫాలెర్స్‌లేబెన్ వద్ద కారు కర్మాగారానికి శంకుస్థాపన జరిగినది. కారు కోసం వారం వారం సొమ్ము దాచుకొన్న లక్షలాది జర్మన్ ప్రజలకు యుద్ధం ముగిసేలోగా ఒక్క కారు కూడా అందలేదు. ఆ ఇంజను సైనిక వాహనాలలోనికి పోయినది.

యుద్ధకాలంలో ఆ కర్మాగారంలో దాదాపు 20,000 మంది నిర్బంధ కార్మికులు పనిచేశారు. వారిలో యుద్ధఖైదీలు, పోలెండు, సోవియట్ దేశాల నుండి పట్టి తెచ్చిన స్త్రీ పురుషులు, నిర్బంధ శిబిరాల ఖైదీలు ఉన్నారు. కార్మిక స్త్రీలకు పుట్టిన పసికందులను తల్లుల నుండి వేరుచేసి ఉంచిన శిశు గృహంలో 300 మందికి పైగా బిడ్డలు మరణించారు. ఆ సంస్థ నిర్వాహకులలో పోర్షే ప్రముఖుడు. ఆయనకు రాజకీయాలు పట్టవనీ, యంత్రాలే లోకమనీ సమర్థించేవారున్నారు. ఆ సమర్థన మమ్ము తృప్తిపరచలేదు. ఒక సిలిండరు వేడెక్కుతున్నదేమోనని వేల కిలోమీటర్లు నడిపి పరీక్షించిన దృష్టికి, తన కర్మాగారంలోని మనుషుల బాధ కానరాలేదనడం ఎట్లు?

యుద్ధానంతరం 1945 చివర ఫ్రెంచి అధికారులు పోర్షేను బంధించారు. డిజాన్ నగరపు చెరసాలలో కూడా ఉండి, 1947 ఆగస్టులో పది లక్షల ఫ్రాంకుల జామీను మీద ఆయన విడుదలయ్యాడు. ఆ సొమ్ము ఇటలీకి చెందిన ఒక సంస్థకు పందెపు కారును రూపొందించి ఇచ్చినందుకు కుమారుడు ఫెర్రీ సంపాదించినది. మోపబడిన అభియోగాలలో ఆయన దోషి కాడని తరువాత తేలినది గాని, అప్పటికే ఆరోగ్యం క్షీణించినది.

ఆస్ట్రియా కొండలలోని గ్ముండ్ అనే చిన్న ఊరిలో, కలప కోత మిల్లు ఆవరణలో, ఫెర్రీ తన బృందంతో పనిచేస్తున్నాడు. తండ్రి హద్దు గీచిన ఇంజనునే తీసుకొని కుమారుడు ఆ హద్దును జరపసాగాడు. అయితే తొందరపడలేదు. 1948 జూన్‌లో అనుమతి పొందిన మొదటి కారులో శక్తిని 25 నుండి 35 అశ్వశక్తికి మాత్రమే పెంచాడు. కారు బరువు 585 కిలోలే కావడంతో అది గంటకు 135 కిలోమీటర్ల వేగం అందుకొన్నది. తరువాతి కార్లకు స్వంతంగా రూపొందించిన హెడ్డులు, ఇరుప్రక్కలా చెరొక కార్బురేటరు అమర్చి, 1,086 ఘన సెంటీమీటర్ల ఇంజను నుండి 40 అశ్వశక్తి రాబట్టారు. మధ్యలోని పొడవాటి గొట్టం తొలగినది, హెడ్డు మారినది, తూములన్నీ కలిసి పెరిగినవి. వృద్ధుడైన పోర్షే ఆ పనిని పరిశీలించి తన ఆమోదం తెలిపాడు.

1950 నవంబరులో ఆయన వోల్ఫ్స్‌బుర్గ్ వెళ్ళి, తన చిన్న కారు వేల సంఖ్యలో తయారవుతూ ఉండడం కనులారా చూచాడు. కొద్ది రోజులకే పక్షవాతం సోకినది. 1951 జనవరి 30వ తేదీన స్టుట్‌గార్ట్‌లో తన డెబ్బై అయిదవ ఏట కన్నుమూశాడు. ఆ జూన్ నెలలోనే ఫ్రాన్సులోని లె మాన్స్ ఇరవై నాలుగు గంటల పందెంలో పోర్షే పేరు గల చిన్న కారు 1,100 ఘన సెంటీమీటర్ల తరగతిలో గెలిచినది. కొన్నేండ్లకు ఎర్న్‌స్ట్ ఫూర్‌మన్ అనే ఇంజనీరు అదే పద్ధతిలో గాలితో చల్లబడే ఒకటిన్నర లీటర్ల ఇంజను నుండి దాదాపు 110 అశ్వశక్తి సాధించాడు. కాని అతడు పాత ఇంజనుకు అతుకులు వేయలేదు. హెడ్డులు, వాల్వులను నడిపే ఏర్పాటు, క్రాంక్‌షాఫ్టు, ఫ్యాను అన్నింటినీ కొత్తగా ఆలోచించాడు.

తూచి గాలి ఇచ్చిన ఆ చిన్న కారు 2003 జూలైలో మెక్సికోలో చివరిగా తయారయ్యేనాటికి మొత్తం 2,15,29,464 కార్లు వెలువడినవి. అంత కీర్తి గడించినా, 2013లో పోర్షే పుట్టిన ఊరి ప్రవేశ ఫలకాల మీద నుండి ఆయన పేరును తొలగించారు. ఆ పేరు వద్దనడానికి కారణం ఆయన యంత్రాలు కావు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు వర్క్‌షాపులలో, కర్మాగారాలలో, కార్యాలయాలలో అడుగు పెడతారు. మీ చేతికి వచ్చిన యంత్రం శక్తిని పెంచే ముందు, దానిని నిర్మించినవాడు ఆ హద్దును ఎందుకు గీచినాడో విచారించండి. ఒకటి మారిస్తే తక్కిన వేటిని మార్చవలసి ఉంటుందో లెక్కించండి. పోర్షే పనితనం నుండి నేర్వవలసినదిది. ఇక మీ నైపుణ్యాన్ని కోరి ఎవరైనా పెద్ద అవకాశమిచ్చినప్పుడు, దానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో కూడా అంతే శ్రద్ధతో విచారించండి. రోజెన్‌బర్గర్ వంటి సహచరుడు గది విడిచి పోవలసి వచ్చిన రోజున పోర్షే ఈ ప్రశ్న వేసుకొన్నట్లు ఆయన జీవితంలో మాకు ఎక్కడా కనిపించలేదు. మీరు వేసుకొంటారని ఆశిస్తున్నాము.